కార్వాను దారములు

కార్వాను పేరు చెప్పగానే హైదరాబాదు చరిత్ర కొంచెమైనను తెలిసినవారు వజ్రముల మాటయే ఎత్తుదురు. మూసీకి ఉత్తరపు గట్టున, పురానాపూల్ వంతెన మొదలుకొని గోలకొండ కోటదారి పొడవున వ్యాపించిన ఈ పేటలో కుతుబ్‌షాహీల కాలమున సాహుకార్లు నివసించి, గనులనుండి వచ్చిన రాళ్లను బేరమాడి, సానపట్టించి, దేశదేశములకు పంపిరన్నది సత్యమే. నేటికిని అందొక భాగమునకు కార్వాన్ సాహు అను పేరు నిలిచియున్నది. ఆ వజ్రముల కథ పలువురు చెప్పియున్నారు. నేను చెప్పదలచినది ఆ పేటకు సరకు మోసితెచ్చిన సంచులను గూర్చియు, ఆ రత్నములను గుచ్చిన పట్టుదారమును గూర్చియు, ఆ దారమును వడికి, పురిపెట్టి, ముడివేసి, అల్లిన చేతులను గూర్చియును. రాయి నిలిచినంతకాలము నూలు నిలువదు. అందువలననే కార్వాను చరిత్రలో రమారమి సగము ఎవరును వ్రాయకయే ఉండిపోయినదని నా నమ్మకము.

1578వ సంవత్సరమున ఇబ్రహీం కుతుబ్‌షా మూసీపై 22 కమానుల వంతెన కట్టించునాటికి ఆవలి గట్టున హైదరాబాదు ఇంకను వెలయలేదు. 1591లో చార్మినారు లేచి, నగరము నాలుగు దిక్కులకు విస్తరించిన పిమ్మట ఈ వంతెనకు, దానిని చేరిన మార్గమునకు అసలైన ప్రయోజనము కలిగినది. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, 1676లో పారిస్ నగరమున అచ్చయిన తన యాత్రాగ్రంథములో, వంతెనకు ఈవల కోసెడు పొడవున ఒక గొప్ప పేట కలదనియు, వర్తకులు, దళారులు, చేతిపనివారు, సామాన్యజనులు అందే కాపురముందురనియు, నగరములో ప్రభువులు, రాజోద్యోగులు, సైనికులు మాత్రమే వసింతురనియు, పగలు పది పదునొకండు గంటలవేళ పేటవారు నగరమునకు పోయి పరదేశి వర్తకులతో వ్యవహరించి సాయంకాలము నాలుగైదు గంటలకు తమ యిండ్లకు మరలివత్తురనియు వ్రాసినాడు. గోలకొండకు పోవు దారి ఆ పేట నడుమనుండియే యని కూడ చెప్పినాడు గనుక, అది కార్వానే యని వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చటి మసీదులు రెండు మూడు పరదేశులకు సత్రములుగ ఉపకరించెడివట. 1671లో మూసాఖాన్ కట్టించిన తోలీ మసీదు నేటికిని ఆ మార్గమున నిలిచియున్నది. మక్కా మసీదు నిర్మాణమును పర్యవేక్షించిన మూసాఖానునకు వ్యయమైన ప్రతి రూపాయికి ఒక దమ్మిడీ చొప్పున ముట్టగా ఆ దమ్మిడీలతో దీనిని కట్టించెనని, అందుచేతనే దీనికి దమ్డీ మసీదు అను పేరు వచ్చెనని జనులు చెప్పుకొందురు.

ఈ పేటకు బిడారులు ఎట్లు వచ్చెడివో తావెర్నియే మాటలలోనే మనకు తెలియుచున్నది. ఎద్దులపై సరకు మోయు సంచారజాతులను నాలుగు తెగలుగా విభజించి, ఒకరు ధాన్యము, ఒకరు బియ్యము, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోయుదురని ఆయన వ్రాసినాడు. పదివేలు, పండ్రెండువేలు ఎద్దుల మంద ఇరుకుదారిలో ఎదురైనచో బండ్లవారు రెండు మూడు దినములు ఆగి, అది దాటిపోవువరకు వేచియుండవలసి వచ్చెడిదట. చదువరులు ఈ సంఖ్యను చూచి ఎద్దులను ఊహింతురు. నాకు మాత్రము వాని వీపులపైనున్న సంచులే కన్నులకు కట్టును. ఎద్దు వీపున ఇరుప్రక్కల సమముగ వ్రేలునట్లు కుట్టిన జంటసంచిని మనవారు పెరిక యనియు, కంట్లమనియు అందురు. పదివేల ఎద్దులు నడువవలెనన్న పదివేల పెరికలు ఉండవలెను, అవి వానకు తడిసి, ఎండకు ఎండి, ముండ్లకు చినిగి, ఒకటి రెండేండ్లలో పాతబడును, మరల నేయవలెను. ఆ నేతకు కావలసిన నూలు ఎవరు వడికిరి?

తెలుగునాట పెరిక కులమువారు, జనపవారు ఈ వృత్తికి పేరుపడినవారు. గోనెలు నేయుట, వానిలో ధాన్యము, ఉప్పు నింపి ఎద్దులపై వ్యాపారము చేయుట వీరి పూర్వవృత్తులుగ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున నమోదైనది. పసుపుపచ్చని పూవులు పూచు జనుమును కోసి, కట్టలుగట్టి, చెఱువునీట నానవేసి, కుళ్లిన బెరడునుండి నార ఒలిచి, ఉతికి ఆరవేసి, చిక్కుదీసి, అటుపిమ్మట కదురున వడుకుదురు. త్రాడు కావలెనన్న తొడపై అరచేత దొర్లించి పురిపెట్టుదురు. ఎడమచేత నార అందించుచు, కుడి అరచేత ఒక్క త్రోపుతో పురి ఎక్కించుచు, మాటలాడుచునే బారెడు బారెడుగ పేనుకొనిపోవు ముదుసలులను మన పల్లెలలో చూచినవారు ఇంకను ఎందఱో కలరు. ఆ పని చేయువారి ముఖములలో నేనెన్నడును విసుగు చూడలేదు. చేతికి పని తెలిసిన పిదప మనస్సు దానినుండి విడివడి స్వేచ్ఛగ తిరుగును; అట్లని పని చెడదు. దారపుపని యన్నింటికిని సహజమైన ఈ సుఖమును మన సాహిత్యము తగినంతగ గుర్తించినదని చెప్పజాలను.

ఆ ఎద్దుల మందల వెంట తిరిగిన లంబాడీ స్త్రీలకు బిడారు నడక జీవితమే గనుక వారి సూదిపని కూడ దారివెంటనే పెరిగినది. ముతక గుడ్డపై ఎఱ్ఱని, పచ్చని, నీలపు దారములతో దట్టముగ కుట్టి, అద్దపు బిళ్లలు, గవ్వలు పొదిగిన వారి రవికలు, పావడాలు, సంచులు నేడు ప్రదర్శనశాలలకెక్కినవి. ఆ కుట్టు దట్టముగ ఉండుటకు అందము ఒక్కటే కారణము కాదనియు, నిత్యము ప్రయాణమందుండు గుడ్డ త్వరగ చినుగకుండుటకు అది కవచమువలె పనిచేయుననియు గమనింపవలెను. 1874లో వాడి జంక్షనునుండి హైదరాబాదుకు రైలు వచ్చినది. ఆ తరువాత కొన్ని దశాబ్దములకే ఎద్దుల బిడారులు తగ్గి, పెరికలు అటుకలెక్కినవి.

ఇక పట్టుదారము మాట. వజ్రవ్యాపారమును వర్ణించువారు తూనికలను, గనులను, ధరలను చెప్పుదురు. గనుల యొద్ద బేరగాండ్రు నోరు మెదపక, నడికట్టు గుడ్డచాటున ఒకరి చేయి ఒకరు పట్టి, వ్రేళ్ల స్పర్శతోనే ధర తెలుపుకొను వింతపద్ధతిని తావెర్నియే వర్ణించిన ఘట్టమును తప్పక చెప్పుదురు. కాని రాయి సానపట్టి, బంగారమున పొదిగి, ముత్యమునకు రంధ్రము తొలిచిన పిమ్మట అది ఆభరణమగుటకు ఇంకొకరి చేతిలో పడవలెను. ఆయనను హైదరాబాదులో పట్వా యందురు. పూర్వపు మన హారములలో పెక్కింటికి లోహపు కొక్కెము లుండెడివి కావు. ముత్యముల పేటలు మెడవెనుకకు వచ్చుసరికి జరీచుట్టిన పట్టుత్రాడుగ ముగియును. ఆ త్రాడు రెండు కొసలును ఒక జారుముడిలోనుండి పోవును గనుక, ముడిని పైకి జరిపినచో హారము కంఠమునకు హత్తుకొనును, క్రిందికి జరిపినచో వక్షముదాక దిగును. తల్లి ధరించిన హారమునే కూతురు, కూతురు ధరించిన దానినే మనుమరాలు ఏ మార్పును లేక ధరింపగలుగుటకు ఆ ఒక్క ముడియే ఆధారము.

పట్వా కూర్చుండు తీరు చూడదగినది. చాపపై కూర్చుండి, ఒక కాలు చాచి, దారపు కొసను కాలి బొటనవ్రేలికి తగిలించుకొనును. కొందరు ఎదుట నేలలో గాని పీటలో గాని నిలిపిన కొయ్యమేకునకు తగిలింతురు. చిలపనుండి సన్నని పట్టుపోగులు అయిదారు తీసి, ఒకటిగ కలిపి, వ్రేళ్ల నడుమ పురిపెట్టును. ఆ పురి సరిగ నున్నదా యని కంటితో చూడడు, బొటనవ్రేలితో తడవి తెలిసికొనును. తరువాత జరీతీగెను దానిపై ఒరుసుకొనునట్లు చుట్టుకొనిపోవును. ఒక చుట్టునకు ఇంకొక చుట్టునకు నడుమ పట్టు కనబడినచో విప్పి మరల చుట్టును. సూది కూడ పట్టని ముత్యపు రంధ్రములోనికి దారపు కొసను జిగురుతో గట్టిపరచి దూర్చును. ముత్యమునకు ముత్యమునకు నడుమ ముడి కావలసినచోట వేయును. త్రాడు తెగినను ఒక్క ముత్యమే రాలవలెను గాని పేటంతయు చిందిపోరాదు. చివర కుచ్చు కట్టి, కత్తెరతో సమముగ కత్తిరించి, అరచేతిలో ఒకసారి ఆడించి చూచును. ఇంత పనియు వ్రేళ్లు, కాలు, ఒక కత్తెర, ఒక సూది. వేఱే యంత్రమేదియు లేదు.

రత్నములు లేని యింట కూడ పట్వాకు పని యుండెడిది. పసివానికి మొలత్రాడు, తాయెత్తునకు నల్లదారము, ఆడపిల్ల జడకు కుచ్చులు, పైజామాకు ఇజారుబందు, పెండ్లికొడుకునకు సెహరా, శ్రావణపూర్ణిమకు రాఖీ, ఇవన్నియు ఆ చేతి పనులే. ఒకే దుకాణమున ఒకనాడు హిందువుల యింటికి రాఖీయు, మరునాడు ముసల్మానుల యింటికి సెహరాయు సిద్ధమగుట పాతబస్తీలో ఎవరికిని విశేషముగ తోపదు.

నిజాముల రత్నములను 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ 173 వస్తువులలో ఏడుపేటల బస్రా ముత్యముల సత్‌లడా ఒకటి. సాలార్జంగ్ ప్రదర్శనశాలలో వానిని చూపినపుడు గాజుపెట్టెల ముందు జనులు కిక్కిరిసి, వజ్రముల కాంతికి, మరకతముల పరిమాణమునకు విస్మితులైరి. కాని ఆ పేటలను ఒకటిగ నిలిపియుంచినది పట్టుదారము. పట్టునకు ఆయువు స్వల్పము. చెమటకు, నూనెకు, కాలమునకు అది మెత్తబడును, ముత్యముల అంచులకు ఒరసికొని సన్నగిల్లును. గనుక ధరింపబడు హారమును కొన్నియేండ్లకొకసారి విప్పి మరల గుచ్చవలెను. ఒక్క హారము వెనుక తరతరముల పట్వాల పని దాగియున్నది. అందు మొదటివాని దారము గాని, రెండవవాని దారము గాని నేడు లేదు. రాజుల పేర్లు, వర్తకుల పేర్లు రత్నములను అంటిపెట్టుకొని మనదాక వచ్చినవి. దారము గుచ్చినవాని పేరు దారముతోనే పోయినది.

1687లో గోలకొండ పడిపోయిన తరువాత కార్వాను పూర్వవైభవము తగ్గినను, సాహుకార్లు వడ్డీవ్యాపారముతో నిజాముల కాలమునను నిలద్రొక్కుకొనిరి. వ్యాపారపు పట్టు క్రమముగ బేగంబజారునకు మారినది. ఆ కథలోనికి నేనిపుడు పోను. దారమును వెదకుకొనుచు కార్వాను పొరుగుననే యున్న జియాగూడకు పోవలెను.

జియాగూడ నగరమునకు గొఱ్ఱెల సంత, వధశాల గల చోటు. తెలంగాణపు పల్లెలనుండియు, దూరపు జిల్లాలనుండియు మందలు ఇచ్చటికి చేరును. ఈ మందలలో పూర్వము అధికముగ కానవచ్చినది దక్కని గొఱ్ఱె. ముతకయైన నల్లయున్ని గలది, కరవునకు, నడకకు ఓర్చునది. కురుమలకు అది కులధనము. బీరప్పను కొలుచు వీరు ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరించి, దూదివలె ఏకి, కదురున నూలు తీసెడివారు. వడుకుట ప్రధానముగ స్త్రీల పని, నేయుట పురుషుల పని. వీధిలో పడుగు సాగదీసి, చింతగింజల అంబలి కాచి, పెద్ద కుంచెతో ఆ నూలుకు పట్టించెడివారు. అది ఆరి బిరుసెక్కిన పిమ్మట మగ్గమున గొంగడి నేసెడివారు. ఆ గొంగడి వానలో కొప్పెరగ, చలిలో దుప్పటిగ, పొలమున పరుపుగ, పెండ్లిలో ఆసనముగ ఉపకరించినది. దానిపై నీరు పడినను ఉన్నిపోగులు ఉబ్బి, దగ్గరపడి, చాలసేపటివరకు లోనికి దిగనీయవు. ఈ గుణము వెల యెక్కువైన వస్త్రములకును అరుదు. తరువాతి కాలమున జననాట్యమండలి కళాకారులు గోచి, గొంగడి ధరించి వేదికనెక్కినపుడు పల్లెప్రజలకు వారు తమవారుగ తోచుటలో ఈ నల్లని ఉన్నిగుడ్డకు కొంత పాలు కలదు.

కాని సంతలో గొఱ్ఱెను కొనునది మాంసమునకు. మాంసము తూకమునకు అమ్ముడగునే గాని ఉన్నికి వెల లేదు. త్వరగ పెరిగి, ఎత్తుగ, బరువుగ నుండు నెల్లూరు జాతికి ఉన్ని లేదు. ఆ జాతి పొట్టేళ్లను మందలోనికి తెచ్చిన కొలది దక్కని గొఱ్ఱె ఉన్ని పలుచబడినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమలకు ఇంటింటికి 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకము కూడ మాంసమునే లక్ష్యముగ పెట్టుకొన్నది. కాపరులను తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. పిల్లల చదువులకు డబ్బు కావలసినవాడు గిరాకీ యున్న గొఱ్ఱెనే పెంచును. అయినను ఒక నగరపు ఆకలి నూఱుమైళ్ల దూరపు పల్లెలో కదురును ఎట్లు ఆపివేసినదో జియాగూడ సంతలో నిలిచి ఆలోచించినవారికి తెలియకపోదు. ఉన్ని యున్న గొఱ్ఱెలను ఇంకను కాచుకొనువారు కత్తిరింపు కూలి ఎదురిచ్చి, ఆ ఉన్నిని పారవేయవలసి వచ్చుచున్నది.

ఈ నగరమున ఉన్ని పనియే లేదా యన్న, కలదు. అది రెండు సూదులతో స్త్రీలు ఇండ్లలో చేయు అల్లిక. ఈ విద్య మనకు క్రొత్త. ఈజిప్టు దేశమున దొరకిన, వేయి సంవత్సరములకు కొంచెము ఇటు అటుగ నున్న, నీలి తెలుపు నూలుతో అల్లిన మేజోళ్లు దీనికి ప్రపంచములోని పూర్వోదాహరణములలోనివి. అదే దేశమున పాతకైరో త్రవ్వకములలో గుజరాతు అద్దకపు గుడ్డలును దొరకినవి. అరబ్బు దేశములతో ఇంత రాకపోకలున్నను, మేజోడు గాని ఒంటికి అంటుకొను ఉన్నిచొక్కా గాని అవసరము లేని దక్కనులో ఆ విద్య వేరూనలేదు. 19వ శతాబ్దమున మిషనరీలు, వారి బడులు దానిని తెచ్చినవి. కొక్కెపు సూదితో చేయు లేసుపని 1844 ప్రాంతమున మెక్రే దంపతుల మూలమున గోదావరీతీరమున ప్రవేశించినదని చెప్పుదురు. నరసాపురము చుట్టుపట్ల అది లక్షమందికి పైగ స్త్రీలకు జీవనాధారమై, ఒకరు పూవులల్లగ ఇంకొకరు అతుకుపని చేయు విభాగముతో ఎగుమతివ్యాపారముగ ఎదిగినది. 1982లో మరియా మీస్ ఆ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథములో, దినమంతయు లేసు అల్లు వారిని లోకము ఇల్లాండ్రనియే ఎంచి, వారి పనిని పనిగ లెక్కింపకపోవుటను ఎత్తిచూపినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది.

హైదరాబాదులోని అల్లిక అట్టి వ్యాపారము కాలేదు. వారపత్రికల కుట్లు–అల్లికల పుటలు చూచి, పొరుగింటివారిని అడిగి, తమ పిల్లలకు తామల్లుకొన్నదే అధికము. మా మేనత్త బేగంబజారునుండి ఉన్ని ఉండలు తెప్పించుకొని ప్రతి దసరాకు మొదలుపెట్టెడిది. ఒక సూదిమీద ఉచ్చులు వరుసగ ఎక్కించుకొని, రెండవ సూదిని ఒక ఉచ్చులో దూర్చి, దారము చుట్టి, క్రొత్త ఉచ్చును పాతదానిలోనుండి లాగి, పాతదానిని జారవిడుచుట, ఇంతే విద్య. ఒకటి సీదా, ఒకటి ఉల్టా. నేతలో పడుగుకు పేకకు వేర్వేఱు నూళ్లు కావలెను, మగ్గము కావలెను, తావు కావలెను; అల్లికలో ఆద్యంతము ఒకే దారము, అదియు మరల విప్పుటకు వీలైనది. ఏటేట పిల్లవాడు ఎదిగినపుడు ఆమె చొక్కాను చించదు, మెడవద్ద కొస పట్టి లాగును. ఉచ్చు తరువాత ఉచ్చు ఊడుచు, వంకరలు తిరిగిన దారము కుప్పగ రాలును. దానిని కుర్చీ వీపునకు చుట్టి చిలపగ కట్టి, గోరువెచ్చని నీట తడిపి, అడుగున బరువు కట్టి ఆరవేయును. మరునాటికి వంకరలు పోయి దారము తిన్నగ దిగును. అదే ఉన్ని, రెండు ఉండలు క్రొత్తది కలుపుకొని, మరుసటి ఏడు పెద్దదియైన చొక్కాగ తేలును. అల్లిన కాలమెంత, విప్పిన కాలమెంత యని ఆమె ఎన్నడును లెక్కింపలేదు. ఆ పని ఆమెకు ఇష్టము. వడ్డన ముగిసిన పిమ్మట, దీపముక్రింద, పిల్లల కబుర్లు వినుచు సూదులు కదుపు ఆ గంట ఆమెకు దినమంతటిలో తనదైన గంటగ ఉండెడిది.

ఇక్కడ నా మనస్సును కలచు విషయమొకటి కలదు. బజారులో మనము ఉన్ని యని కొను రంగురంగుల ఉండలలో పెక్కింటికి గొఱ్ఱెతో సంబంధము లేదు. అవి యాక్రిలిక్కు, రసాయనపు పోగు. లుధియానావైపు మిల్లులనుండి వందలమైళ్లు ప్రయాణించి వచ్చిన ఆ దారమును కార్వాను గృహిణి కొని అల్లుచుండగ, ఆ యింటికి కూతవేటు దూరమున జియాగూడకు చేరు మందల ఉన్ని పల్లెలో పెంటకుప్ప పాలగుచున్నది. దక్కని ఉన్ని ముతక, ఒంటికి గ్రుచ్చుకొనును, పసివానికి చొక్కా అల్లుటకు పనికిరాదు, ఇది నిజము. కాని లావు సూదులతో ముతకనూలును అల్లి చేయదగిన వస్తువులు లేకపోలేదు. సిద్దిపేట, మెదకు ప్రాంతములందు కదురు పట్టగల ముదుసలి కురుమ స్త్రీలు ఇంకను ఉన్నారు. మేనత్త వద్ద సూదిపట్టుట నేర్చిన నా మేనకోడలు ఈ చలికాలము వారివద్దనుండి గొంగడినూలు నాలుగు చిలపలు తెప్పింపుమని నన్ను పట్టుబట్టినది. అంబలి పట్టింపని నూలే కావలెనట, బిరుసెక్కినదైనచో సూదిమీద జారదట. అల్లదలచినది కూర్చుండుటకు ఆసనము. నల్లని నూలు నడుమ అచ్చటచ్చట తెల్లయున్ని చారలు రావలెననియు, తెల్లనూలు దొరకకున్నచో బూడిదరంగుదైనను చాలుననియు చెప్పినది.